తాత అంటే సుక్క

నాకు సంతకం వరకే చదువు. అది కూడా మా ఆయన పోయిన తర్వాత, కొడుకు కొలువు కాగితాల మీద వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి నేర్చుకున్నది. అందుకని ఇది నేను చెబుతుంటే నా కోడలు రాస్తున్నది. నా మాట మోటు. చదివేవాళ్ళకు తగ్గట్టు సాపు చేసి రాయమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. వాటిని సాపు చేస్తే అవి వాళ్ళ మాటలు కావు.

చెప్పబోయేది పోయిన క్రిస్మస్ నెలలో నేను కుళ్ళుకున్న సంగతి. కుళ్ళుకున్నది నా కోడలి తల్లిదండ్రుల మీద. రాసేది వాళ్ళ బిడ్డే. "రాస్తవా మరి?" అని ముందే అడిగాను. "నువ్వు చెప్పు అత్తమ్మా. నా చెయ్యి ఆగితె అప్పుడు అడుగు," అన్నది.

మేముండేది బొగ్గు బాయి క్వార్టర్లలో. గనిని మా దిక్కు బాయి అంటారు. మా ఆయన ఆ బాయి లోపల పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని చేశాడు. కడుపు జబ్బుతో పోయి నాలుగేండ్లు. ఆయన కొలువు కొడుక్కు వచ్చింది. కొలువు వచ్చిన తర్వాత పెళ్ళి, పెళ్ళి తర్వాత మనుమరాలు. కాబట్టి ఆయన మనుమరాలిని చూడలేదు, మనుమరాలు తాతను చూడలేదు. పోయిన డిసెంబరుకు దానికి ఏడాదిన్నర దాటింది.

ఆయన చేతిది అంటూ ఇంట్లో మిగిలింది ఒక్కటే, క్రిస్మస్‌కు ఇంటి ముందు కట్టే చుక్క. మేము సుక్క అంటాం. అంగట్లో కొన్నది కాదు. చెన్నూరు దిక్కు నుంచి వెదురు తెప్పించి, బద్దలు చీరి, తీగతో బిగించి చేశాడు. అయిదు కొనలు. నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. బాయిలో కట్టె బిగించినట్టే బిగించాడేమో, ఇన్నేండ్లలో ఒక్క ముడి వదులు కాలేదు. ఏటేటా నవంబరు ఆఖరుకు సజ్జ మీది నుంచి దించి, పాత కాగితం పీకి, మైదాపిండి ఉడికించిన జిగురుతో కొత్త పతంగి కాగితం అంటించాలి. లోపల బల్బు పెట్టాలి. ఆయన పోయిన తర్వాత ఆ పని నాది. ఇంకెవరినీ ముట్టనివ్వను.

పోయిన ఏడు ఎర్ర కాగితం వేశాను. సాయంత్రం కాగానే మనుమరాలిని చంకన వేసుకుని, సుక్క కింద నిలబడి పెరుగు బువ్వ తినిపించేదాన్ని. "అగో, అగో! తాత! తాత జేసిన సుక్క సూడు," అనేదాన్ని. చిన్నపిల్లలు మాట మొత్తం పట్టుకోరు, ఒక ముక్క పట్టుకుంటారు. ఇది తాతను పట్టుకున్నది. ఎర్ర వెలుగు మొహం నిండా పడుతుంటే వేలు పైకెత్తి, "తాత" అన్నది.

తప్పు దిద్దాలి. దిద్దలేదు. ఇంకోసారి అనమన్నాను. అన్నది. మళ్ళీ అనమన్నాను. బువ్వ చల్లారిపోయింది.

ఇక మా క్వార్టర్ల లైనులో ఎక్కడ సుక్క కనబడితే అక్కడ తాతే. పొద్దున పాల ప్యాకెట్టుకు పోతుంటే నా భుజం మీద నుంచి ఆ ఇంటి సుక్కకు తాత, ఈ ఇంటి సుక్కకు తాత. పక్క క్వార్టరు ఆవిడ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపింది.

"ఏందక్కా, నీ మనుమరాలికి ఇంటికో తాత దొరుకుతుండు? నీ మొగడు గిన్ని ఇండ్లు వెట్టిండా?"

"వెడితె నీ ఇంటికి రాకపోవునా? నీ వాకిట్ల సుక్కే లేకపాయె," అన్నాను.

ఇద్దరం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆయన పోయిన తర్వాత ఆయన పేరు మీద నేను నవ్వడం అదే మొదటిసారి.

డిసెంబరు పది దాటిన తర్వాత పెద్దపల్లి నుంచి వియ్యపురాలు, వియ్యంకుడు వచ్చారు. పండుగకు బిడ్డకు, అల్లుడికి, మనుమరాలికి బట్టలు పెట్టడం వాళ్ళ వంతు. పిండివంటలు చేసి, పండుగ చూసుకుని పోతామని సంచులతో దిగారు. ఆమెది గలగల మాట. ఆటో దిగకముందే నన్ను "వదినె, బక్కగైనవ్" అని పలకరించింది. ఆయన రైసుమిల్లులో మిషను నడిపి మానుకున్న మనిషి. నున్నటి బట్టతల. వాళ్ళ చర్చి సంఘంలో పెద్ద. మాట తక్కువ. నన్ను చెల్లె అంటాడు.

సంచుల్లోంచి బట్టలు తీశారు, పండ్లు తీశారు, చివరికి ఒక పెద్ద అట్టపెట్టె తీశారు. దాంట్లో ప్లాస్టిక్ సుక్క. కరీంనగర్‌లో కొన్నారట. రిమోటు నొక్కితే ఏడు రంగులు మారుతుంది, మిణుకుమంటుంది, ఆగుతుంది, పరుగెడుతుంది.

నా కొడుకు డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూసి చిన్నపిల్లవాడైపోయాడు. అప్పటికప్పుడు స్టూలు వేసుకుని ముందటి కొక్కెం నుంచి మా సుక్కను దించాడు.

"అవ్వా, దీన్ని ఎనుక కడ్త. నల్లా కాడ చీకటిగుంటది, నీకు గిన్నెలు తోముకోను వెలుతురుంటది."

నేను ఏమన్నాను? "మంచిదే బిడ్డా" అన్నాను. వియ్యపురాలు రిమోటు మనుమరాలి చేతిలో పెట్టింది. అది ఎక్కడ నొక్కిందో గాని సుక్క నీలం, పచ్చ, ఎరుపు పరుగెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి పోయి గిన్నెలు తోమాను. వెలుతురు మంచిగానే ఉన్నది.

ఆ వారం రోజులు నాకు ఎక్కడ చూసినా మంటే. నేతి వాసనలో మంట, బెల్లం పాకంలో మంట. ఎట్లా చెప్పాలి? వాళ్ళిద్దరూ పొద్దున లేచి చాయ్ దగ్గర కూర్చుని కొట్లాడుకుంటారు.

"ఇంకింత చక్కెర ఎయ్యి."

"ఏసి సంపుత. షుగరున్నదన్న సోయి ఉన్నదా నీకు?"

"అయితె నువ్వే జర దగ్గర కూసో. చక్కెర అక్కర్లేదు."

"సిగ్గుండాలె! వదినె ఇంటున్నది."

వదినె వింటున్నది. స్టవ్ వైపు మొహం తిప్పుకుని, మరిగిన చాయ్‌ని ఇంకా మరిగిస్తున్నది. నా చాయ్‌లో చక్కెర ఎక్కువైందని, తక్కువైందని అనే మనిషి లేడు. నేను ఎంత వేసుకుంటే అంత.

గరిజెలు, అదే కజ్జికాయలు, చేసే రోజు ఆమె అంచులు వేళ్ళతో జడ అల్లినట్టు మడిచింది. నాకు అట్లా రాదు, అచ్చులో పెట్టి నొక్కుతాను. ఆయన వంటింటి గడప మీద కూర్చుని కొబ్బరి తురిమి ఇచ్చాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని, లుంగీ మీద తువ్వాల పరుచుకుని, చిప్ప తర్వాత చిప్ప. మనుమరాలు పిండిలో చేతులు ముంచి ఆయన బట్టతల మీద అద్దింది. తెల్లటి చిన్న చేతి అచ్చు పడింది. దాన్ని తుడుచుకోకుండా సాయంత్రం దాకా అట్లాగే తిరిగాడు, అంగడికి కూడా అట్లాగే పోయాడు. మా ఆయన నా వంటింటి గడప మీద కూర్చున్న రోజు నాకు యాదికి లేదు. గడప తన్నుకుని పడిన రోజులు ఉన్నాయి.

ఇదంతా ఓర్చుకునేదాన్ని. ఓర్చుకోలేనిది వేరే. వియ్యంకుడు మనుమరాలికి మాట నేర్పడం మొదలుపెట్టాడు.

ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నేనెవర్నే? తాతను. అను. తా... త."

అది ఆయన మొహంలోకి చూసి, వీపు తిప్పి, వెనుక తలుపు వైపు వేలు చూపి, "తాత" అనేది. కడుపు నిండినట్టు ఉండేది నాకు. ఆయనకు అర్థం కాక ఒకరోజు దాన్ని ఎత్తుకుని వెనక్కి వచ్చాడు. నల్లా పైన మా సుక్క. అది రెండు చేతులూ చాపి "తాత, తాత" అని ఎగిరింది.

"గిదేంది చెల్లె, సుక్కను తాత అంటున్నది?"

చెప్పాను. వాళ్ళ తాత చేసింది, అందుకని అట్లా అంటుందని. ఆయన ఒక బద్దను గోటితో తట్టి చూశాడు. ముడి పట్టుకుని లాగి చూశాడు.

"బావ చేతి పని మస్తుగున్నది. అయితె గాయన పెద్దతాత, నేను చిన్నతాత. ఏమంటవే?"

చూడండి, ఎంత మంచి మాట అన్నాడో. మంచి మనిషి. అదే నాకు ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఏడాదిన్నర పిల్లకు పెద్ద, చిన్న ఏం తెలుస్తుంది? మూడో రోజు ఆయన అరటిపండు ఒలిచి పైకెత్తి పట్టుకుని, "తాత అంటెనే" అన్నాడు. అది పండును చూసింది, ఆయన్ని చూసింది. "తాత" అన్నది. ఇల్లంతా గోల. వియ్యపురాలు దాన్ని ముద్దులతో ముంచింది. నా కొడుకు, "మామా, గెలిచినవ్," అన్నాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను.

ఆ రోజు నల్లా దగ్గర గిన్నెలు తోముతూ పైన సుక్కను చూసి లెక్క వేసుకున్నాను. ఆమెకు మనిషి ఉన్నాడు. ఆయన పక్కన కూర్చుంటాడు, కొబ్బరి తురుముతాడు. ఫోటో దిగుతాడు, రేపు పిల్లను బడికి తీసుకుపోతాడు, పెళ్ళికి అక్షింతలు వేస్తాడు. అన్నీ ఆయనవే కానియ్యి. నా మనిషికి ఆ పిల్ల నోట్లో ఒక్క మాట ఉండె. అది కూడా అరటిపండుకు పోయింది.

మరుసటి రోజు వియ్యపురాలు, నా కొడుకు టైలరు దగ్గరికి పోయారు. ఇంట్లో నేను, కోడలు, మనుమరాలు, వియ్యంకుడు. చలికి వెచ్చగా ఉంటుందని ఆయన బయట ఎండలో మంచం వేసుకుని కునుకు తీస్తున్నాడు. కోడలు తలస్నానానికి పోయింది. నేను చాటలో పుట్నాలు, బెల్లం పెట్టుకుని మనుమరాలిని గడపలో కూర్చోబెట్టుకున్నాను.

"అగో, ఆడ పండుకున్నాయన సుక్క. సుక్క అను."

"చుక్క."

"ఆఁ, నా బంగారం!" ఒక బెల్లం ముక్క. "తాత ఎవరు మరి? ఎనుక. నల్లా కాడ. గదీ తాత."

ఎండలో ఆయన బట్టతల మెరుస్తున్నది, నిజంగానే సుక్క అంటే నమ్మేటట్టు. నాకు నవ్వు కూడా వచ్చింది. ఇది ఒకరోజు పని కాదు. నాలుగు రోజులు, ఎవరూ లేని యాళ్ళ చూసి, బెల్లం పెట్టి పెట్టి నేర్పాను. అప్పట్లో అది నన్ను 'బాప' అనేది. బాపమ్మ అని పూర్తిగా వచ్చేది కాదు. నన్ను పూర్తిగా పిలవడం కూడా నేర్పలేదు నేను. దీనికే నా బలమంతా పెట్టాను.

ఇక్కడ నా కోడలి చెయ్యి ఆగింది. "ఏమైందే?" అన్నాను.

"నాకు ఎరుకే అత్తమ్మా. తల ఆరవెట్టుకుంట కిటికీల నుంచి ఇన్న."

"మరి గప్పుడే అడగకపోతివి?"

"ఆడిపిస్తున్నవనుకున్న."

"తర్వాత?"

"తర్వాత ఆడిపిస్తలేవని తెల్సింది. నువ్వు చెప్పు, రాస్త."

అయితే రాయి.

పండుగ ముందు రోజు క్యారల్స్ జట్టు వచ్చింది. చర్చికి మా లైనే దగ్గర, అందులో మా ఇల్లే మొదటిది. కాబట్టి దీపాలు పెట్టే యాళ్ళకే డోలక్ చప్పుడు వినబడింది. ముందు ఎర్ర అంగీ, దూది గడ్డం వేసుకున్న మనిషి. బాయిలో నా కొడుకుతో పనిచేసేవాడే, పెద్ద బొజ్జ, దిండు కట్టుకునే పని లేదు. వెనుక పదిహేను ఇరవై మంది. లైనంతా వాకిళ్ళలోకి వచ్చింది. పక్క క్వార్టరు ఆవిడ గరిజెల కోసం ముందే వచ్చి మా ఇంటి ముందటి గద్దె మీద కూర్చున్నది. ముందు కొక్కేనికి ఆ ప్లాస్టిక్ సుక్క రంగులు మారుతున్నది.

పాట అయిపోయింది. గడ్డపాయన మనుమరాలి మొహం మీదికి వంగి, "క్రిస్మస్ తాత వచ్చిండే! తాతకు చెయ్యియ్యి!" అన్నాడు.

అది తాత అనే మాట విన్నది. ఆయన వైపు చూడలేదు. నా కొడుకు కాళ్ళ మధ్య నుంచి దూరి, ఇంట్లో నుంచి ఉరికి, వెనుక తలుపు దగ్గర నిలబడి, "తాత! తాత!" అని అందరినీ రమ్మన్నట్టు పిలిచింది. జట్టువాళ్ళకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గుండె గుమ్మడికాయంత అయింది.

వియ్యంకుడు పోయి దాన్ని ఎత్తుకుని వచ్చాడు. అందరూ నవ్వుతున్నారు. డోలక్ వాయించే ఆయన దాని బుగ్గ గిల్లి, వియ్యంకుణ్ణి చూపిస్తూ, "గడ్డం తాత వద్దా? మరి గీయన ఎవరే?" అని అడిగాడు.

అది ఆయన బట్టతల మీద ఫట్‌మని చెయ్యి వేసి, వాకిట్లో అందరికీ వినబడేటట్టు, "సుక్క!" అన్నది.

అంత స్పష్టంగా అది ఇంతవరకు ఏ మాటా అనలేదు.

మా దిక్కు సుక్క అంటే ఆకాశంలోది ఒక్కటే కాదు కదా. సుక్క అంటే మందు. సుక్కేసిండు అంటే తాగిండని. నాకు ఇది తెలియదా? తెలుసు. కానీ పిల్లకు నేర్పేటప్పుడు నా కళ్ళకు ఆ వెదురు సుక్క తప్ప ఇంకో సుక్క కనబడలేదు. ఇది ఎవరు నమ్మినా నమ్మకున్నా నిజం.

వాకిలంతా గొల్లుమన్నది.

"పెద్దాయనా! పండుగ రేపు గదా, గియ్యాళ్నే ఏసినవా?"

"పిల్ల అబద్ధం ఆడదు సుమా!"

"సంఘ పెద్దకే సుక్కైతె మా గతేంది?"

పక్క క్వార్టరు ఆవిడ గద్దె మీద పొర్లి నవ్వింది. వాళ్ళకేం తెలుసు, మంచి మనిషి అని చనువుతో అన్నారు. ఆయన కూడా నవ్వాడు. కానీ మనుమరాలి వీపు మీద నిమురుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. వియ్యపురాలు లేచి లోపలికి పోయింది.

నేను వెనుకనే పోయాను. వంటింట్లో ఆమె జట్టువాళ్ళకు గరిజెలు పళ్ళెంలో పేరుస్తున్నది. ఒకటి పగిలి పిండి కింద పడింది. గలగల మాట మనిషి, మెల్లగా అడిగింది.

"వదినె, పిల్లకు గా మాట ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పుతరు? పిల్లలు గదా, నోటికేదొస్తె గది," అన్నాను. పండుగ ముందు రోజు, చర్చి పాట ఇంకా చెవుల్లో ఉండగా, అబద్ధం ఆడాను.

"మా వాడల ఈయన పేరే గది, వదినె. సుక్క. మిల్లుకాడ గూడ సుక్కే. 'సుక్క పెండ్లాం' అంటె నేను పలికేది. పదకొండేండ్లయింది బందువెట్టి. ఊరు మర్సిపోయింది, ఈయన మర్సిపోయిండు. ఇయ్యాళ గీ ముండ..." అని మనుమరాలిని అనబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ఎట్ల బందువెట్టిండు?" అని అడిగాను. ఓదార్చాలి కదా అప్పుడు. నేను అడిగింది అదీ.

"ఏముంది. బిడ్డ పదో తరగతిల ఉండంగ ఒకనాడు అన్న, 'ఇగ నావల్ల గాదు, మానేస్తవా?' అని. గంతే. ఒక్కసారే అడిగిన. మానేసిండు."

ఒక్కసారే.

మా ఆయనకు కడుపు జబ్బు అని పైన రాయించాను. తాగుడు జబ్బు అది. పైన కొట్టేసి రాయమంటే, అక్కర్లేదు, ఇక్కడ రాస్తే చాలని కోడలు అంటున్నది. నేను ఆయన్ని ఎన్నిసార్లు అడిగాను? దండం పెట్టి అడిగాను, తిట్టి అడిగాను, ఇచ్చోడలో పుట్టింటికి పోయి నెల రోజులు కూర్చుని అడిగాను. పాస్టరు చేత అడిగించాను. పిల్లవాడి తల మీద ఆయన చెయ్యి పెట్టించి అడిగాను. ఆ సుక్క ఎట్లా పుట్టిందో కూడా చెప్తాను. పెళ్ళయిన మూడో ఏడు, డిసెంబరులో తాగొచ్చి ఇంట్లో ఒక్క కుండ మిగలకుండా పగలగొట్టాడు. తెల్లారి మొహం చూపించలేక వాకిట్లో కూర్చుని వెదురు చీరాడు. సుక్క కట్టి, వెలిగించి, "సుక్క గట్టినంక సుక్క ముట్ట," అన్నాడు. ముట్టలేదు. డిసెంబరు ఆఖరు దాకా ముట్టలేదు. చర్చికి వచ్చాడు, పాట పాడాడు, నా పక్కన కూర్చుని బువ్వ తిన్నాడు. జనవరిలో సుక్క దించాడు, సుక్క పట్టాడు. ఏటేటా అంతే. ఇరవై ఏండ్ల పైన కాపురంలో నాకు మొగుడు ఉన్నది ఆ నెల రోజులే. అందుకే మనుమరాలికి ఆయన్ని ఆ వెలుగులో చూపించాను. ఇంకెక్కడ చూపించాలి?

ఆమె ఒక్కసారి అడిగితే ఆమె మనిషి పన్నెండు నెలల మనిషి అయ్యాడు. ఆమె చక్కెర మీద, రిమోటు మీద, గరిజెల అంచుల మీద నేను కుళ్ళుకున్నదంతా ఉత్తదే. అసలు కుళ్ళు అక్కడ వంటింట్లో మొదలైంది. ఆమె ఏడుస్తుంటే పళ్ళెం అందుకుని బయటికి నేనే పట్టుకుపోయాను. ఆ మొహం చూడలేకపోయాను, జాలితో కాదు.

పండుగ నాడు చర్చి నుంచి వచ్చిన తర్వాత, కొత్త బట్టల్లో అందరూ మాంసం కూర వాసనకు అటూ ఇటూ తిరుగుతున్నారు. వియ్యంకుడు ముందటి గదిలో ఒక్కడే కూర్చున్నాడు. పొద్దున నుంచి మనుమరాలిని ఎత్తుకోలేదు. అదే వచ్చి కాళ్ళకు చుట్టుకుంటే తల నిమిరి వదిలేస్తున్నాడు. పదిమందిలో మళ్ళీ ఏమంటుందోనని భయం. అది నాకు తప్ప ఎవరికీ పట్టలేదు. నేను కోరుకున్నది అదే కదా? అదే. దొరికింది. కానీ అది రెండు చేతులూ చాపి "చుక్క, చుక్క" అని ఆయన చుట్టూ తిరుగుతుంటే, ఆయన కిటికీలో నుంచి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన కూడా కొడుకు చేతులు చాపితే అట్లానే వేరే దిక్కు చూసేవాడు, నోటి వాసన తెలుస్తుందని.

చాటలో బెల్లం తెచ్చి ఆయన ముందు చాప మీద కూర్చున్నాను. మనుమరాలిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"గీయన తాత. తాత అను బిడ్డా."

"చుక్క."

బెల్లం చూపించాను. "తాత. తా... త."

"చుక్క!" అని బెల్లం గుంజుకున్నది. నాలుగు రోజులు పెట్టిన బెల్లం ఊరికే పోతుందా?

"సుక్క కాదే, తాత! అగో, ఎనుకది సుక్క. గీయన తాత," అన్నాను. నా నోటితో, మా ఆయన మాటను తీసి ఈయనకు ఇచ్చాను. అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, వెనుక తలుపు వైపు వేలు చూపి, "తాత" అని, వియ్యంకుడి మోకాలు మీద కొట్టి, "చుక్క" అన్నది. దానికి ఏ అనుమానమూ లేదు.

ఆయన చాలాసేపు చాటలోని బెల్లం చూశాడు. నన్ను చూశాడు. అంతా అర్థమైపోయింది ఆయనకు. నేను తల వంచుకున్నాను.

"అన్నా, నాకు ఎరుక లేకుండె, మీ ఊళ్ళె గట్ల..." అన్నాను.

"ఉండనీ చెల్లె. ఊరోళ్ళు పిలిస్తె తల దించుకున్న. గిది పిలిస్తె ఎందుకు దించుకుంట?" అని, దాన్ని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. "పారా, సుక్క మీద సవారీ!" అని వాకిట్లోకి పోయాడు. పక్క క్వార్టరు ఆవిడ "ఏమాయె సుక్కా!" అని అరిచింది. ఆయన "ఓ!" అని పలికాడు. వంటింట్లో వియ్యపురాలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది, తర్వాత పగలబడి నవ్వింది.

ఇప్పుడు మళ్ళీ నవంబరు. మనుమరాలికి మాటలు బాగా వచ్చాయి. బాపమ్మ అని పూర్తిగా అంటున్నది. జనవరిలో మా సుక్క సజ్జ ఎక్కిన తర్వాత కొన్నాళ్ళు ఖాళీ కొక్కేన్ని చూసి "తాత?" అని అడిగింది, తర్వాత మానేసింది. ఇప్పుడు దానికి కూరగాయల బండి ఆయన తాత, వాచ్‌మన్ తాత, చర్చి గంట కొట్టే ముసలాయన తాత. తెల్ల వెంట్రుక కనబడితే తాత. ఆ మాట అందరిదైపోయింది.

సుక్క మాత్రం ఒక్కడే. పెద్దపల్లి నుంచి ఫోను వస్తే అది ఉరికొచ్చి, "సుక్కా, ఎప్పుడస్తవ్?" అంటుంది. అవతల ఆయన, "సుక్క ఒస్తుండు బిడ్డా, బట్టలు వట్టుకొని," అంటాడు. లోకంలో ఇంకెవరికీ లేని పేరు. అది ఇచ్చింది నేను. నాలుగు రోజులు కష్టపడి, బెల్లం పెట్టి మరీ ఇచ్చాను.

నిన్న సజ్జ మీది నుంచి వెదురు సుక్క దించాను. ఈసారి పచ్చ కాగితం తెచ్చాను. వాళ్ళు పది రోజుల్లో వస్తారు. కోడలు ఇదంతా రాసి, కలం మూత పెట్టకుండా నన్ను అడుగుతున్నది.

"ఇంక గూడ కుళ్ళుకుంటున్నవా అత్తమ్మా?"

రాయి. అవును అని రాయి.